మైనస్ నలభై

"కంపెనీ ఇచ్చిన ఇంజిన్‌ని నువ్వు కెలికినావా లేదా? ముందు అది చెప్పు."

"కెలికినాను మేడమ్," అన్నాడు తిరుపాల్.

గంగాదేవికి ఆ జవాబు నచ్చింది. ఇరవై రెండేళ్ళు హిందూపురం ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలి డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ఆవిడ. తప్పు చేసిన మెకానిక్ మొదట అనే మాట 'నేను ముట్టుకోలేదు' అని ఆమెకు బాగా తెలుసు. ఈ మనిషి మూడు రోజులుగా పెనుకొండ స్టేషన్‌లో ఉన్నా ఆ మాట అనలేదు.

సోమవారం, ఉదయం పది ఇరవై. స్టేషన్ పక్కగదిలో బల్లకు అటు తిరుపాల్, ఇటు గంగాదేవి. అతని భార్య మేరీ నిన్న వచ్చి ఆమెను ఈ కేసులోకి దించింది.

కేసు చూడటానికి చిన్నదే. శుక్రవారం నాడు ధర్మవరం రాజశేఖర్‌ది ఒక మినీ లారీ, హిందూపురంలో పట్టు నూలు ఎత్తుకుని ధర్మవరం బయల్దేరింది. పెనుకొండ దాటాక కొండదారి ఎక్కుడు మీద ఇంజిన్ బిగుసుకుని పట్టేసింది. ఇంజిన్ ఆగితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది, ఎంత తొక్కినా బ్రేకు పట్టదు. లారీ వెనక్కి జారి, వెనకాల మోపెడ్ మీద వస్తున్న చెన్నేకొత్తపల్లి రైతు హనుమంతును తొక్కి, కాలువలో పడింది. హనుమంతు అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు ఎల్లప్పకు కాలు విరిగింది. పది రోజుల కిందట ఆ ఇంజిన్‌ను ట్యూన్ చేసింది హిందూపురంలో షెడ్డు నడిపే తిరుపాల్. కనుక తప్పు తిరుపాల్‌దే అని తేల్చేశారు.

"పవర్ ఎంత పెంచినావు?"

"నూటికి పన్నెండు మేడమ్. ముప్పై దాకా తట్టుకుంటాది అంటారు. చల్లపొద్దున ఖాళీ బండి పది నిమిషాలు తట్టుకునేది వేరు. మే నెల మధ్యాన్నం, నిండు బరువుతో, అరగంట ఎక్కుడు ఎక్కేది వేరు. నేను రెండోదానికే లెక్క కట్టినా. లోడుతో అదే రోడ్డు మీద నాలుగుసార్లు తిప్పి చూసినా."

"వేడెక్కితే ఏం చేస్తాది?"

"ఇంజిన్ నీళ్ళు నూటరెండు డిగ్రీలు దాటితే డీజిల్ దానంతట అదే తగ్గిపోతాది. నూటెనిమిదికి మనిషి నడిచినట్టు నడుస్తాది, అంతే. పొగ వేడికి వేరే హద్దు పెట్టినా. కంపెనీ పెట్టిన కాపుదల ఒక్కటి కూడా తీయలే. రెండు డిగ్రీలు ముందుకే జరిపినా."

"ఓనరుకు నచ్చిందా?"

తిరుపాల్ కిందకి చూశాడు. "నచ్చలే. ఎక్కుడులో బండి నీలుగుతాంది, ఆ హద్దులు పీకేయ్ అని రాజశేఖర్ సారు రెండుసార్లు ఫోన్ చేసినాడు. నా చేత్తో పీకనని చెప్పినా."

"దానికి సాక్ష్యం?"

"ఫోన్ మాటకు సాక్ష్యం యాడ తెచ్చేది? కానీ మేడమ్, బండిలో ఒక పెట్టె ఉండాది. ఫ్యూజు బాక్సు వెనకాల, అగ్గిపెట్టె అంత. ఇంజిన్ వేడి, పవర్, అన్నీ సెకను సెకనుకీ రాసుకుంటాది. పదిహేను రోజులు నడిచినాక తీసి చూస్తామని పెట్టినా. ఈడ అందరికీ చెప్పినా. ఎవురూ వినలే."

గంగాదేవి లేచింది. "నేను వింటాండా కదప్పా. కూర్చో."

*

స్టేషన్ వెనక ఆవరణలో లారీ పక్కకు ఒరిగి ఉంది. ఎస్ఐ సంతకం చేసిన అనుమతి కాగితం చూసి కానిస్టేబుల్ దాసమ్మ గొలుసు తీసింది. ఇద్దరూ లోపలికి అడుగు పెట్టేలోగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏమమ్మా గంగాదేవీ, ఇంకా గ్రీజు పని మానలేదా?"

వీరభద్రయ్య. సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరై, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తులు చేస్తున్నాడు. ఇప్పటికీ ఈ స్టేషన్‌లో ఆయన వస్తే కుర్చీలు కదులుతాయి. ఆయన రిపోర్టు శనివారమే రాసిచ్చాడు, ఆదివారం పేపర్లో వచ్చింది. ట్యూనింగ్ వల్లే ఇంజిన్ కాలిపోయిందని అందులో ఉంది.

"మీ రిపోర్టు చదివినాను వీరభద్రయ్యగారూ. ఇంజిన్ కాలిపోయిందని రాసినారు. యాడ కాలింది?"

"ఆడనే ఉండాది, చూడు. మా మెకానిక్ విప్పి పెట్టినాడు."

ఆమె టార్చి వేసి నాలుగు పిస్టన్ల మీదా ఒక్కొక్కదాని మీద అర నిమిషం వెలుగు నిలిపింది. తర్వాత ఇంజిన్‌లోకి గాలి నెట్టే టర్బో మూత తీయించి లోపల రెక్కలను వేలితో తడిమింది.

"దాసమ్మా, వీడియో తీస్తాండావు కదా? ఇది చూడు. మితిమీరి డీజిల్ పోసి కాలిస్తే పిస్టన్ నెత్తి కొవ్వొత్తి కరిగినట్టు కరుగుతాది. ఇవి నాలుగూ గుండ్రంగా, సమంగా ఉండాయి. టర్బో రెక్కలు మొదట మాడాల. ఒక్క అంచు కూడా పోలేదు." టార్చిని రెండో సిలిండర్‌కూ మూడో సిలిండర్‌కూ మధ్యకు జరిపింది. "పోయింది ఈడ. నీళ్ళు కారకుండా పట్టే గ్యాస్కెట్ చిరిగింది, పైన హెడ్డు వంగింది. నీళ్ళు ఉడికిపోయి, ఆవిరైపోయి, ఇంజిన్ ఒట్టి ఇనుమై పట్టేసింది. మంట ఎక్కువై కాదు, చల్లదనం అందక పోయింది."

"ఎట్ల పోతే ఏమి? పవర్ పెంచితేనే కదా వేడి పెరిగేది."

"పెరిగితే తగ్గించుకునే కాపుదల ఉండాది. అది ఎందుకు పనిచేయలేదో మీ రిపోర్టులో లేదు."

వీరభద్రయ్య నవ్వాడు. ఆ నవ్వు పూర్తి కాకముందే గంగాదేవి డ్రైవరు సీటు కిందికి తల దూర్చి, ఫ్యూజు బాక్సు వెనక చెయ్యి పెట్టి, నల్లటి చిన్న పెట్టె బయటికి తీసింది. మూడు రోజులు బండి చుట్టూ తిరిగిన వాళ్ళెవరికీ అది కనపడలేదు.

ల్యాప్‌టాప్‌ను జీపు ముందుభాగం మీద పెట్టి పెట్టెను తగిలించింది. శుక్రవారం నాటి అంకెలు వరుసగా దిగాయి. వీరభద్రయ్య వద్దనుకుంటూనే దగ్గరికి వచ్చి చూశాడు.

"తొమ్మిది యాభై ఎనిమిది, హిందూపురం. నీళ్ళ వేడి ఎనభై ఎనిమిది. సోమందేపల్లి దగ్గర తొంభై ఆరు. రేడియేటర్ ఫ్యాను తిరిగింది, తొంభై ఒకటికి దిగింది. మళ్ళీ తొంభై నాలుగు. జ్వరం ఎక్కుతాంది, దిగుతాంది. అంటే ఇంజిన్‌కి ప్రాణం ఉండాది. పది యాభై రెండు, పెనుకొండలో బండి ఆగింది." ఆమె వేలు కిందికి జారింది. "పదకొండు పద్నాలుగుకు మళ్ళీ కదిలింది. ఇప్పుడు చూడండి."

ఎనభై ఆరు. ఎనభై ఆరు. ఎనభై ఆరు. పేజీ దిగుతున్నా అదే అంకె.

"పదకొండు నలభై ఒకటికి ఇంజిన్ పట్టేసేదాకా ఇరవై ఏడు నిమిషాలు. నలభై ఒక్క డిగ్రీల ఎండ, నిండు లోడు, ఎక్కుడు. అర డిగ్రీ కూడా కదల్లేదు. అట్లాంటి ఇంజిన్ నేను పుట్టినాక చూడలేదు సార్. ఈ బండిలో ఫ్యాను తిరగాలన్నా, పవర్ తగ్గాలన్నా కంప్యూటరు ఈ అంకె చూసే చేయాల. ఎనభై ఆరే అని నమ్మింది కాబట్టి ఏమీ చేయలేదు."

వీరభద్రయ్య కళ్ళద్దాలు సర్దుకుని తెర మీద ఒకచోట వేలు పెట్టాడు. ఆయన గొంతులోకి మళ్ళీ ధీమా వచ్చింది. "ఇదేందమ్మా? పదకొండు మూడుకి, బండి ఆగి ఉన్నప్పుడు, తొమ్మిది సెకన్లు మైనస్ నలభై అంట. పెనుకొండలో, మే నెలలో, మైనస్ నలభై. ఈ పిచ్చి పెట్టెను పట్టుకుని కోర్టుకు పోతావా?"

దాసమ్మ కూడా నవ్వు ఆపుకుంది. గంగాదేవి ఆ తొమ్మిది సెకన్లను కాగితం మీద రాసుకుని, గుండ్రంగా గీత గీసి, ఇంజిన్ దగ్గరికి వెళ్ళింది. నీళ్ళ వేడి చూసే సెన్సార్ ఎక్కడుంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. దాని వైరు పట్టుకుని జానెడు దూరం వెనక్కి వెళ్ళేసరికి వేళ్ళకు చిన్న గడ్డలాంటిది తగిలింది. పైన నల్ల టేపు మసిబారి ఉంది, కానీ జిగురు ఇంకా కొత్తది. బ్లేడుతో నెమ్మదిగా విప్పింది. లోపల వడ్లగింజంత ముక్క. నడుమున రంగు గీతలు.

"రెసిస్టర్," అంది. "సెన్సార్‌ని పక్కన పెట్టి, దాని బదులు దీన్ని కలిపినారు. సెన్సార్ వేడిని బట్టి మారుతాది. ఇది మారదు. ఎప్పుడూ ఎనభై ఆరే చెప్తాది."

వీరభద్రయ్య ఆ ముక్క మీదికి వంగాడు. "తిరుపాలే పెట్టి ఉండొచ్చు కదా."

"పది రోజుల కింద పెట్టింటే, శుక్రవారం పొద్దున తొంభై ఆరు ఎట్ల చూపిస్తాది? పది యాభై రెండుకీ పదకొండు పద్నాలుగుకీ మధ్యలో పెట్టినారు. ఆ పొద్దు తిరుపాల్ హిందూపురంలో ఉండాడని మీ రిపోర్టులో మీరే రాసినారు, మూడో పేజీ."

ఆయన ముఖం కందింది. "నేను ముప్పై నాలుగేళ్ళు పోలీసు పని చేసినా. నువ్వు నాకు నేర్పించేదేమీ లేదు."

"నేర్పించడం లేదు సార్. నాతో రండి. మీ కళ్ళతోనే చూడండి."

పిలిచింది కదా అని కాదు, వదిలిపెట్టలేక వెంట నడిచాడు.

*

పన్నెండు పది. పెనుకొండ ఆసుపత్రిలో ఎల్లప్ప కాలు కట్టుతో పైకి వేలాడుతోంది. నలభై దాటిన మనిషి. గంగాదేవి కూర్చోగానే అతనే మొదలుపెట్టాడు.

"హనుమంతు ఇంటోళ్ళను చూసినారా మేడమ్?"

"చూసినా. నీ గురించి అడిగినారు."

అతను గోడవైపు తిరిగాడు. "బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టి నిలబడినా మేడమ్. పట్టలే," అన్నాడు.

"నాకు తెలుసు ఎల్లప్పా. ఇంజిన్ ఆగినాక నువ్వు కాదు, ఎవరున్నా పట్టదు. దానికి ముందు సంగతి చెప్పు. వేడి చూపించే ముల్లు యాడుండాది?"

"నడిమధ్యన. ఒట్టు. అందుకే నేను ఆపలే. పాకం మాడిన వాసన వచ్చింది, తియ్యగా. ముల్లు చూసినా, మధ్యలోనే ఉండాది. ఎవురో పొలంలో ఏదో కాలుస్తాండారనుకున్నా." కట్టు కట్టిన కాలు వైపు చూసుకున్నాడు. "ఆ వాసనకే ఆపింటే."

"ఇంజిన్ నీళ్ళలో కలిపే మందు మాడితే వచ్చే వాసన అది. నీకు అబద్ధం చెప్పింది ముల్లు. నువ్వు కాదు." ఆమె అతని చేతి మీద చెయ్యి వేసింది. "పెనుకొండలో ఎందుకు ఆపినావు?"

"ఓనరు ఫోన్ చేసినాడు. వెనక ఇండికేటరు వెలగడం లేదంట, చంద్రప్ప షాపులో చూపించుకోని పో అన్నాడు. నేను టీ తాగేదానికి పోయినా. వచ్చేసరికి చంద్రప్ప అయిపోయింది పో అన్నాడు."

"ఇండికేటరు నిజంగా పోయిందా?"

ఎల్లప్ప ఆలోచించాడు. "పొద్దున హిందూపురంలో వెలిగింది మేడమ్."

తలుపు దగ్గర నిలబడ్డ వీరభద్రయ్య ఆ మాటను తన పుస్తకంలో రాసుకున్నాడు.

*

చంద్రప్ప ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు ఆగేసరికి పన్నెండు యాభై. చంద్రప్ప పైకి చూసి, చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఐటీఐలో మూడో బెంచీలో కూర్చున్నవాడు.

"నమస్తే మేడమ్. ఎంత కాలమాయ."

"శుక్రవారం రాజశేఖర్ లారీ వచ్చింది. ఏం చేసినావు?"

"ఇండికేటరు బల్బు మార్చినా."

"ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలు."

"ముందు బానెట్ ఎత్తినావా?"

"ఇండికేటరు వెనకాల ఉంటే ముందర బానెట్ ఎందుకు ఎత్తుతాను మేడమ్?" అని వీరభద్రయ్య వైపు చూసి చిన్నగా నవ్వాడు.

గంగాదేవి స్టూలు లాక్కుని కూర్చుంది. పాఠం చెప్పేటప్పటి గొంతుతోనే అడిగింది. "చంద్రప్పా, నీకు సెన్సార్ల పాఠం చెప్పింది ఎవురు?"

"మీరే."

"నీళ్ళ వేడి చూసే సెన్సార్ ప్లగ్గు పీకేసి, తాళం తిప్పితే, కంప్యూటరు ఏ అంకె చూపిస్తాది?"

అతని నవ్వు ఆగిపోయింది.

"చెప్పు. పరీక్షలో రాసినావు."

"మైనస్ నలభై," అన్నాడు, వినీ వినపడనట్టు.

వీరభద్రయ్య తల విసురుగా తిరిగింది.

"వైరు తెగితే, సెన్సార్ లేకపోతే, వచ్చే అంకె అది. శుక్రవారం పదకొండు మూడుకు, లారీ నీ షాపు ముందు ఉన్నప్పుడు, తొమ్మిది సెకన్లు మైనస్ నలభై వచ్చింది. ప్లగ్గు పీకి, తాళం తిప్పి చూసుకున్నావు. ఇండికేటరు బల్బు మార్చేవాడికి ఆ పనేంటికి? ఇదో, నీ ముక్క." కవరులోని రెసిస్టర్ బల్ల మీద పెట్టింది.

చంద్రప్ప ఆ ముక్కను వేలితో దూరంగా తోశాడు. "చంపాలని కాదు మేడమ్. తల్లితోడు. ఎక్కుడులో బండి నీలుగుతాంది, ట్రిప్పులు లేటయితాండాయి, ఆ తిరుపాల్ మాట వినడం లేదు, నువ్వు ఇది పెట్టు అని రాజశేఖర్ సారే తెచ్చిచ్చినాడు. బెంగళూరులో ఎవురో చెప్పినారంట. ఫ్యాను కూడా ఆగిపోతాదని నాకు తట్టలే."

"ఒక మనిషి పోయినాడు. శుక్రవారం సాయంత్రానికైనా తట్టలేదా?"

"తట్టింది. ఆ రాత్రి నిద్ర పట్టలే. ఆదివారం పేపర్లో చూసినా, ట్యూనింగ్ వల్లే ఇంజిన్ కాలిందని సారు రిపోర్టు ఇచ్చినారని." వీరభద్రయ్య వైపు వేలు చూపించాడు. "అంత పెద్ద సారే చెప్తే, నా ముక్కతో ఏమీ కాలేదని నమ్మినా. అందుకే ఈ పొద్దు కూడా..."

ఆగిపోయాడు.

"ఈ పొద్దు కూడా ఏమి?"

"మినీ బస్సు మేడమ్. ఆయనదే. హిందూపురం నుంచి నూలు తీసే ఆడోళ్ళను ధర్మవరం తీసుకపోతాంది. దానికీ పెట్టినా."

"ఆ బస్సు ఇంజిన్ తిరుపాల్ ట్యూన్ చేసిందా?" అడిగింది వీరభద్రయ్యే.

"లేదు సార్. కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉండాది."

గంగాదేవి గడియారం చూసింది. "ఎప్పుడు కదిలింది?"

"పన్నెండు ముప్పై ఎనిమిదికి."

ఇప్పుడు పన్నెండు యాభై ఎనిమిది. లారీకి ఇరవై ఏడు నిమిషాలు పట్టింది.

"ఎంతమంది?"

"ఇరవై ఆరు."

బస్సు డ్రైవరు పవన్ నంబరు మోగింది, ఎత్తలేదు. పొద్దున బస్సు గురించి ఫోన్ చేసింది ఆడవాళ్ళ సూపర్‌వైజరు భాగ్యశ్రీ అని, ఆ నంబరు తన దగ్గరుందని చంద్రప్ప తన ఫోన్‌లో వెతికి ఇచ్చాడు. మూడో రింగుకు ఎత్తింది.

"భాగ్యశ్రీ, నా పేరు గంగాదేవి. నేను చెప్పేది నిమ్మళంగా విను. బస్సు ఎక్కుడు ఎక్కుతాందా?"

"ఎక్కుతాంది మేడమ్. ఎవురు మీరు?"

"వాసన ఏమన్నా వస్తాందా? పాకం మాడినట్టు?"

"వస్తాంది. ఇప్పుడే మా పెద్దక్క అన్నింది."

"స్పీకర్ పెట్టి డ్రైవరు దగ్గరికి పో. పవన్, వినపడుతాందా? ఇంజిన్ ఉడుకుతాంది. కాలు సగం ఎత్తు, గేరు తగ్గించు."

"ముల్లు మధ్యలోనే ఉండాది మేడమ్," అన్నాడు పవన్, విసుగ్గా.

"శుక్రవారం ఎల్లప్ప కూడా ముల్లునే నమ్మినాడు. నీ ముక్కును నమ్ము. ఎక్కుడు మీద ఆపొద్దు. చదునుగా ఉండే చోటు యాడుండాది?"

పవన్ గొంతు మారింది. "ముందర రెండు వందల గజాల్లో ఉండాది. లారీలు నిలిపే జాగా."

"అక్కడిదాకా మెల్లగా పో. ఇంజిన్ ఆపకముందే హ్యాండ్‌బ్రేకు లాగు. భాగ్యశ్రీ, బస్సు ఆగినాక ఇద్దరు దిగి చక్రాల వెనక రాళ్ళు పెట్టాల. బానెట్ మాత్రం ఎవురూ ఎత్తొద్దు. ఆవిరి ముఖం మీద కొడుతాది."

ఫోన్‌లో ఇంజిన్ మూలుగు, ఎవరో దేవుణ్ణి పిలుస్తున్న గొంతు. గంగాదేవి గడియారం వైపు చూడలేదు. ఆ ఇంజిన్ శబ్దాన్నే వింటూ, "ఇంకా తగ్గించు పవన్, అట్లే, అట్లే" అంటూ పోయింది.

మూలుగు ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. అడుగులు.

"నిలబడింది మేడమ్," అంది భాగ్యశ్రీ, ఆయాసపడుతూ. "రాళ్ళు పెట్టినాం. ముందర నుంచి పొగ లేస్తాంది. అందరమూ దిగినాం."

"దూరంగా కూర్చోండి. నీళ్ళు తాగండి. నేను వస్తాండా."

ఫోన్ పెట్టేశాక వీరభద్రయ్య జేబులోంచి తన ఫోన్ తీశాడు. స్టేషన్‌కు చేసి, తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని, తిరుపాల్‌ను వదలడానికి కావాల్సిన కాగితాలు మొదలుపెట్టమని, రాజశేఖర్‌ను పట్టుకోమని చెప్పాడు. ఒక్క మాట కూడా మింగలేదు. అంతా అయ్యాక గంగాదేవి ముఖం చూడకుండా, "నా రాత వల్ల ఇరవై ఆరుమంది పోయేవాళ్ళు," అన్నాడు.

"పోలేదు కదా సార్. ఇప్పుడు మీరు ఉంటేనే పని జరుగుతాది." ఆమె చంద్రప్ప వైపు తిరిగింది. "రాజశేఖర్ నీకు ఇచ్చినవి రెండేనా?"

చంద్రప్ప తల ఎత్తలేదు. "ఆయన తెచ్చిన కవరులో ఐదు ఉండినాయి మేడమ్. నేను వాడింది రెండు."

"మిగతా మూడు?"

"నిన్న సాయంత్రం వచ్చి తీసుకపాయ. అనంతపురంలో వేరే మెకానిక్‌తో పెట్టిస్తానన్నాడు." ఇప్పుడు తల ఎత్తాడు. "ఆయనకు ఆడ మూడు అంబులెన్సులు తిరుగుతాండాయి."